ఫోర్‌మన్ గారి గ్యారంటీ

నా ఉద్యోగంలో సూది గుచ్చడం తేలిక పని. చెయ్యి తిరిగితే నరం దానంతటదే దొరుకుతుంది. ప్రశ్న అడగడమే కష్టం. గల్ఫ్‌కి వెళ్ళబోయే నర్సమ్మాయిలు అప్పుడప్పుడు తణుకులో మా ఇంటికొచ్చి సలహాలడుగుతుంటారు. ఎండలెలా ఉంటాయి, హాస్టల్లో వంట చేసుకోనిస్తారా, అరబ్బీ రాకపోతే నెగ్గుకు రాగలమా అని. నేను మాత్రం, "సిగ్గుపడే ప్రశ్న సిగ్గుపడకుండా అడగడం వచ్చా?" అంటాను. నవ్వుతారు. "అదేముంది ఆంటీ, కాగితం చూసి చదివేయడమేగా" అంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఒమాన్‌లో నా చివరి ఏళ్ళన్నీ మస్కట్ పక్కన బౌషర్‌లో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంక్‌లో గడిచాయి. శుక్రవారాలు మేము బస్సేసుకుని కంపెనీల లేబర్ క్యాంపులకు వెళ్ళి రక్తం సేకరించేవాళ్ళం. కూడా ఒక ఒమానీ డాక్టరు వచ్చేవాడు, కుర్రవాడే కానీ నిదానస్థుడు. మా హెడ్ నర్సు మలయాళీ ఆవిడ. నాకంటే పెద్దది, నాకంటే తక్కువ మాట్లాడేది. ఆ రెండో గుణం సంపాదించడం అంత కష్టమేమీ కాదని మా ఆయన అంటుండేవాడు.

రక్తం ఇచ్చేవాళ్ళని ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. జ్వరం వచ్చిందా, మాత్రలు వాడుతున్నావా, కామెర్లు వచ్చాయా. వాటిలో ఒకటి, ఈ మధ్య భార్యతో కాక ఇంకెవరితోనైనా శారీరక సంబంధం పెట్టుకున్నావా అని. ఇంగ్లీషు కాగితంలో అది తిన్నగానే ఉండేది. మా తెలుగువాళ్ళ కోసం నాకంటే ముందు ఎవరో దాన్ని తెలుగులో "చెడు అలవాట్లు ఏమైనా ఉన్నాయా?" అని రాసి పెట్టారు. ఆ ప్రశ్నకు మనవాళ్ళు చాలా నిజాయితీగా జవాబు చెప్పేవాళ్ళు. "ఖైనీ ఉంది సిస్టర్, మానేస్తున్నా" అని.

నేను ఆ కాగితం పక్కన పెట్టి ఉన్నదున్నట్టు అడగడం మొదలుపెట్టాను. దానివల్ల గొప్ప మేలు జరిగిందనుకోకండి. క్యాంపులో మేము కూర్చునేది మెస్ హాల్లో, ఒక మడత బల్ల దగ్గర. నా ఎదుట ఒకడు, వాడి భుజం మీదుగా తొంగి చూస్తూ ఇంకొకడు, వెనకాల వాడి రూమ్ మొత్తం. అలాంటి చోట ఆ ప్రశ్నకు అవునని చెప్పేవాడు పుట్టలేదు.

రుస్తాఖ్ దగ్గర ఒక క్యాంపు ఉండేది. అక్కడ ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ వైపు మనుషులు. ఆ క్యాంపుకి పెద్ద దిక్కు ఒక ఫోర్‌మన్. యాభై దాటిన మనిషి. గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా బస్సు రాకముందే గేటు దగ్గర నిలబడేవాడు. ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. ఎవరింట్లో చావైనా తనే మేనేజరుతో మాట్లాడి లీవు ఇప్పించేవాడు. మంచివాడు. కాకపోతే ఆ మంచితనంలో అందరి తరఫునా తనే మాట్లాడేసే జబ్బొకటుంది.

ఆ ప్రశ్న అక్కడ మొదటిసారి అడిగినప్పుడు బల్ల పక్కనే ఉన్నాడు. మొహం ఎర్రబడింది.

"గిదేం ముచ్చట సిస్టరమ్మా? మా పోరగాండ్లను గిట్ల అడుగుతరా? పొద్దుగాల సైట్, మాపటికి రూమ్. ఇంకో దందా తెల్వదు వీళ్ళకు. అందరికి నేను గ్యారంటీ."

"రూలండీ అన్నయ్యగారూ. అడగాలి" అన్నాను.

"అడుగుర్రి. జవాబు నేను చెప్తున్న గద!"

అప్పటినుంచి ఆ క్యాంపులో నేను ప్రశ్న అడగడం, మనిషి తలెత్తి ఫోర్‌మన్ వైపు చూడడం, ఫోర్‌మన్ "లేదు, రాసుకోర్రి" అనడం. నేను నసిగేదాన్ని, ఆయన వినేవాడు కాదు. ప్రతి సంచీని ఆసుపత్రిలో పరీక్ష చేస్తాం కదా అని మా డాక్టరు సర్దిచెప్పేవాడు.

ఇప్పుడు అసలు రోజు సంగతి చెబుతాను.

ఆ శుక్రవారం వరసలో ఒక టైల్స్ మేస్త్రీ వచ్చాడు. ముప్ఫైకి దగ్గర పడిన మనిషి, పల్చగా, పొడుగ్గా. వాడు కూర్చోకముందే ఫోర్‌మన్ వాడి వీపు చరిచి పరిచయం చేశాడు.

"వీడు మా కాబోయే అల్లుడు సిస్టరమ్మా. మా అక్క బిడ్డనిస్తున్నం. వచ్చే నెలల లగ్గం. బంగారమసొంటి పిలగాడు. నేనే చూసిన సంబంధం."

నేను శుభం అన్నాను. ప్రశ్నలు మొదలుపెట్టాను. మన ప్రశ్న వచ్చేసరికి మేస్త్రీ నా వైపూ చూడలేదు, ఫోర్‌మన్ వైపూ చూడలేదు. బల్ల వైపు చూశాడు. ఫోర్‌మన్ అలవాటుగా "లేదు, రాసుకోర్రి" అన్నాడు.

తరవాత వాడే గొంతు తగ్గించి అడిగాడు. "అక్కా, రక్తం మంచిగ లేకుంటె ఫోన్ చేస్తరా?"

"చేస్తాం బాబూ."

బరువు చూసి, చూపుడు వేలు గుచ్చి చుక్క తీశాను. మళ్ళీ అడిగాడు. "ఫోన్ ఎన్నడు చేస్తరు? నాకే చేస్తరా, కంపెనీకి చేస్తరా?"

రక్తం ఇచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. జ్యూస్ మామిడిదా నారింజదా అని అడుగుతారు. రేపు డ్యూటీకి పోవచ్చా అంటారు. నీరసం వస్తుందా, పెళ్ళైనవాళ్ళు ఇస్తే ఏమైనా అవుతుందా అని కూడా అడుగుతారు. ఫోన్ ఎప్పుడొస్తుందని రెండుసార్లు అడిగినవాణ్ణి మాత్రం నేనెప్పుడూ చూడలేదు. వేలు వదలబోతూ వాడి అరచేయి తిప్పి చూశాను. అక్కడక్కడా గోధుమరంగు మచ్చలున్నాయి.

"ఇవేంటి?"

"సిమెంటు పడ్తలేదు అక్కా."

"సిమెంటే, సిమెంటే. అందరికి అయితది" అన్నాడు ఫోర్‌మన్ పైనుంచి.

ఈ మనిషి ఇక్కడ నిలబడి ఉండగా వాడి నోట్లోంచి ఒక్క నిజం కూడా రాదని నాకు అప్పుడు తెలిసింది. ఆయన్ని పొమ్మనే అధికారం నాకు లేదు. పంపితే వరసంతా అనుమానంగా చూస్తుంది. ఏం చెయ్యాలా అని చుట్టూ చూస్తే, కిటికీ పక్కన మంచం ఒకటి ఖాళీగా ఉంది.

"అన్నయ్యగారూ, మీరింకా ఇవ్వలేదు. అక్కడ కొత్తవాళ్ళు సూది చూసి వణుకుతున్నారు. మీరు ముందు పడుకుంటే వాళ్ళకి ధైర్యం కదండీ" అన్నాను.

ఆయన ఛాతీ పొంగింది. "గట్లనా!" అని చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వెళ్ళి పడుకున్నాడు. మా హెడ్ నర్సు నా వైపొకసారి చూసి, ఏమీ అడక్కుండా ఆయన చేతికి సూది పెట్టి ఒక మెత్తటి బంతిని పిడికిట్లో పెట్టింది. ఇక సంచీ నిండేదాకా ఆయన కదలడు.

"బీపీ మిషన్ బస్సులో ఉంది, రా బాబూ" అని మేస్త్రీని బయటికి తీసుకెళ్ళాను. బీపీ మిషన్ బల్ల మీదే ఉంది. వాడూ చూశాడు. అయినా వచ్చాడు.

బస్సు మెట్ల మీద కూర్చోబెట్టాను. "ఫోన్ సంగతి ఎందుకడిగావు?"

"ఉత్తగనే అక్కా."

"ఉత్తినే ఎవరూ అడగరు. నీ రక్తం ఎలా ఉందో చూసుకోడానికి వచ్చావా?"

మెస్ హాల్ వైపు చూశాడు. "మామ ఇంటడా?"

"మీ మామ చేతికి సూదుంది. లేవలేడు."

అప్పుడు చెప్పాడు. రంజాన్ అయ్యాక ఒక సెలవురోజు దోస్తులతో కలిసి మస్కట్ పోయాడు. వాళ్ళు పోయిన చోటికి తనూ పోయాడు. ఒక్కసారే. తరవాత కొన్నాళ్ళకి మర్మాంగం మీద చిన్న పుండు లేచింది. నొప్పి లేదు. రూమ్‌లో ఒకడు ఊర్నుంచి తెచ్చుకున్న గొట్టం మాత్రలిచ్చాడు, అవి మింగాడు. పుండు మానింది. మానిందని సంతోషపడేలోపు జ్వరం, ఆపైన ఈ మచ్చలు.

"ఫోన్ల చూసిన అక్కా. సచ్చిపోతరని ఉన్నది. దవాఖానకు పోదమంటె కంపెనీకి ఎర్కైతది, మెడికల్ ఫెయిలని టికెట్ చేతుల పెడ్తరు. మామకు తెలుస్తది. గందుకే రక్తం ఇద్దామనుకున్న. మీరే చూస్తరు గద. మంచిగ లేకుంటె ఫోన్ చేస్తరు. రాకుంటె మంచిగున్నట్టు. లగ్గం చేసుకుంట."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మండడం ఇప్పటికీ గుర్తుంది. "ఆ రక్తం ఎవరికెక్కిస్తామో తెలుసా నీకు? కాన్పయిన తల్లికి. ప్రతి నెలా రక్తం ఎక్కిస్తే తప్ప బతకని పసిపిల్లలకి. నీ పరీక్ష కోసం వాళ్ళా దొరికింది?"

"మీరు చూసే ఎక్కిస్తరు గదక్కా?"

"చూస్తాం. కొన్ని జబ్బులు ఒంట్లోకి చేరిన కొత్తలో ఏ పరీక్షకీ దొరకవు. ఆ రోజుల్లో ఇచ్చిన రక్తం మంచిదానిలాగే కనపడుతుంది. అందుకే కదా ముందు నోటితో అడిగేది! మేము ఫోన్ చెయ్యకపోయినంత మాత్రాన నువ్వు బాగున్నట్టు కాదు."

వాడి మొహం పాలిపోయింది. "గది నాకెర్కలేదక్కా. దేవుని మీద ఒట్టు, ఎర్కలేదు" అన్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆ మచ్చలనే చూస్తూ కూర్చున్నాడు. నా కోపం సగం దిగిపోయింది. అడగాల్సిన చోట అడగనివ్వకుండా, చెప్పాల్సిన చోట చెప్పనివ్వకుండా చేసి, వాడు దొంగదారి వెతుక్కున్నాడని తిడితే ఏం లాభం?

డాక్టర్ని బస్సులోకి పిలిచాను. ఆయన అరచేతులు చూసి, బూట్లు విప్పమన్నాడు. పాదాల అడుగున కూడా అవే మచ్చలు. "సిమెంటు చేతికి తగులుతుంది. బూట్లలోకి ఎలా వెళ్ళిందని అడుగు" అన్నాడు నాతో. అడిగాను. మేస్త్రీ పాదాలు వెనక్కి లాక్కున్నాడు.

"నేను డాక్టర్ని, నీ కంపెనీ మేనేజర్ని కాదు. ఇది నేననుకున్న జబ్బే అయితే ఇంజెక్షన్‌తో పోతుంది. ఇవాళ రక్తం ఇవ్వొద్దు. వచ్చే వారం ఆసుపత్రికి రా, సరిగ్గా పరీక్ష చేద్దాం" అన్నాడు డాక్టరు. నేను తెలుగులో చెబుతుంటే మేస్త్రీ "ఇంజెక్షన్‌తో పోతుంది" అన్న మాట దగ్గర ఆపి, మళ్ళీ చెప్పమన్నాడు.

హాల్లోకి వెళ్ళేసరికి ఫోర్‌మన్ లేచి జ్యూస్ తాగుతున్నాడు. "ఏమైందిరా?" అన్నాడు. "రక్తం తక్కువున్నదట మామా" అన్నాడు వాడు. నేను అవుననలేదు, కాదనలేదు. దాని ఫలితం తరవాత తెలిసింది. లగ్గం దగ్గర పెట్టుకుని పిలగాడికి రక్తం లేదని, ఆ వారమంతా ఫోర్‌మన్ వాడికి పొద్దున గుడ్లు, మాపటికి మేక కార్జం దగ్గరుండి తినిపించాడట.

చెప్పిన రోజుకు వాడు బౌషర్ వచ్చాడు. పరీక్షలో సిఫిలిస్ అని తేలింది. అదే రోజు తుంటికి ఇంజెక్షన్ చేశారు. మిగతా జబ్బులేవీ లేవు, కానీ హెచ్ఐవీ పరీక్ష మూడు నెలలు గడిచాక మళ్ళీ చెయ్యాలని, అప్పటిదాకా పెళ్ళి వాయిదా వేసుకొమ్మని డాక్టరు చెప్పాడు.

ఇంజెక్షన్‌కి ఏడవనివాడు ఆ మాటకు ఏడ్చాడు. "కార్డులు పంచిన్రు అక్కా. లీవు రాలేదని చెప్దామంటె, లీవు ఇప్పించేది మామనే. సూది అయిపాయె గద, ఇగ సప్పుడు చెయ్యకుంట పోత."

"ఆ అమ్మాయి సంగతి?"

"ఏం గాదేమో అక్కా."

"ఏమో అన్న మాట మీద ఒక ఆడపిల్ల జీవితం పెడతావా?" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్క గదిలోంచి హెడ్ నర్సు వచ్చి నన్ను వరండాలోకి లాక్కెళ్ళింది. "నీ కోపం వాడికి పనికొచ్చేదైతే చూపించు. లేకపోతే టీ తాగి రా" అంది. టీ తాగి వచ్చాను.

వాడు అక్కడే కూర్చుని ఉన్నాడు. "నువ్వే చెప్పరాదక్కా మామకు?" అన్నాడు.

ఇక్కడ నర్సమ్మాయిలకు ఒక మాట. చెప్పేయాలని నాకు ఎంతగా అనిపించిందో నాకే తెలుసు. ఒక్క ఫోన్ చేస్తే పెళ్ళి ఆగిపోతుంది, పిల్ల బయటపడుతుంది. కానీ వాడే చెప్పమన్నాడని ఎవడికి తెలుస్తుంది? మనం ఒకడి సంగతి బయటపెడితే, ఆ క్యాంపులో ఇంకెవడూ మన గడప తొక్కడు. పుండు మానిందనుకుని పెళ్ళిపీటల మీద కూర్చునే మిగతావాళ్ళ పెళ్ళాల సంగతో? "నేను చెప్పను. నువ్వు చెప్పాలి. నువ్వు చెప్పేటప్పుడు ఆయనకేమైనా అర్థం కాకపోతే, ఇద్దరూ కలిసి రండి, డాక్టరు చెబుతాడు" అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. చెబుతాడో లేదో తెలియదు. ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు. మొహం కూడా తెలియని ఆ పిల్ల గురించే ఆలోచించేదాన్ని.

ఒక ఉదయం ఫోర్‌మన్ వచ్చాడు. ఒంటరిగా వచ్చాడు. చొక్కాకి ఇస్త్రీ లేదు. మా గదిలోకొచ్చి నిలబడే అడిగాడు.

"నీకు ముందుగాలనే ఎర్కనా సిస్టరమ్మా?"

"దేని గురించండీ?"

"నాటకం జెయ్యకు. పోరడు నాకు అంత చెప్పిండు. నీకెర్కుండి నాకెందుకు చెప్పలే? అది నా అక్క బిడ్డ! ఆ పిల్లను నా చేతుల మీద ఎత్తుకోని పెంచిన. సంబంధం నేను తెచ్చిన. మా అక్కకు నేనేమన్ననో తెల్సా? పిలగానికి నేను గ్యారంటీ అన్న."

"మీరు కాదు, ఎవరొచ్చి అడిగినా చెప్పనండీ. రేపు మీ సంగతి ఎవరైనా వచ్చి అడిగినా చెప్పను."

"అయితె నా బిడ్డ ఏమన్న గానీ అనుకున్నవా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిదానంగా చెబుదామనుకున్నాను గానీ కుదరలేదు. "అలా అనుకుంటే ఆ రోజు మిమ్మల్ని మంచమ్మీద పడుకోబెట్టేదాన్నే కాదు! మీరు ఎదురుగా నిలబడి లేదు లేదు అంటుంటే వాడు అవునని ఎలా అంటాడండీ? మీరు లేవలేరని తెలిశాకే నోరు విప్పాడు. మీ గ్యారంటీ వాళ్ళకి గొడుగనుకుంటున్నారు మీరు. వాళ్ళకది నోటికి తాళం."

ఆయన కూర్చున్నాడు. నేను అనకూడనిది అన్నానేమోనని భయం వేసింది. చివరికి, "సూదితోని పోతదన్నది నిజమేనా?" అన్నాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అడగాల్సినవన్నీ అడిగాడు.

పెళ్ళి వాయిదా పడింది. కంపెనీ లీవు ఇవ్వలేదని ఫోర్‌మనే తన అక్కకు చెప్పాడు. లీవు ఇప్పించే చేతులు ఆయనవేనని వాళ్ళ ఊళ్ళో అందరికీ తెలుసు. అక్క ఫోన్లో దుమ్మెత్తి పోసిందట. నువ్వు తమ్ముడివి కాదు పగోడివి అందట. ఊరంతా కంపెనీని తిట్టింది. ఆ కంపెనీ తప్పేమీ లేకుండా తిట్లు తిన్నది బహుశా ఆ ఒక్కసారే.

పెళ్ళికూతురికి మాత్రం మేస్త్రీయే ఉన్నదంతా ఫోన్లో చెప్పాడు. ఫోర్‌మన్ పెట్టిన షరతు అది. ఆ పిల్ల కొన్నాళ్ళు వాడి ఫోన్ ఎత్తలేదు. తరవాత రిపోర్టు ఫొటో పంపమంది. అది పట్టుకెళ్ళి వాళ్ళ మండలంలో డాక్టరమ్మకు చూపించుకుంది. రెండో పరీక్ష కాగితం కూడా వచ్చాకే, అదీ మళ్ళీ ఆ డాక్టరమ్మ చూసి సరేనన్నాకే, లగ్గం పెట్టుకోమంది. ఈ సంగతి చెబుతూ ఫోర్‌మన్ "పిల్ల గట్టిది" అన్నాడు. ఆ గొంతులో గర్వం ఉంది. నాకూ సంతోషమేసింది. ఇంత కథలో సరైన ప్రశ్నలు సరైన చోట అడిగింది ఆ పిల్లే.

మరుసటి ఏడు అదే క్యాంపుకి మళ్ళీ వెళ్ళాం. ఈసారి నేను ఒక తాడు, రెండు ఆసుపత్రి దుప్పట్లు తీసుకెళ్ళాను. మెస్ హాల్ మూలన తాడు కట్టి, దుప్పట్లు వేలాడదీసి, లోపల రెండు కుర్చీలు వేశాను. అది తెర. ఎవరైనా ఒక్కరే లోపలికి రావాలి.

వరస మొదలైంది. ఫోర్‌మన్ బల్ల దగ్గర లేడు. అవతల తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కడినుంచే అందరికీ వినపడేలా అరిచాడు.

"ఇనుర్రి! లోపల అక్క ఒక ముచ్చట అడుగుతది. సిగ్గుపడకుర్రి, నిజం చెప్పుర్రి. ఇయ్యాల నేను ఎవ్వనికి గ్యారంటీ లేను."

కొందరు నవ్వారు. ఆ రోజు లోపలికి వచ్చినవాళ్ళలో కొంతమంది రక్తం ఇచ్చారు. కొంతమంది ఇవ్వకుండానే జ్యూస్ తీసుకుని వెళ్ళారు, వాళ్ళలో ఇద్దరు ముగ్గురు తరవాత బౌషర్‌లో కనపడ్డారు. ఎవరు ఎందుకు ఇవ్వలేదని ఎవరూ అడగలేదు. రక్తం తక్కువుందనే అనుకున్నారు.

అందరూ అయిపోయాక, తెర పక్కకు జరిపి ఫోర్‌మన్ వచ్చాడు. కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. జ్వరం, మాత్రలు, కామెర్లు అన్నీ అడిగాను. అన్నిటికీ చెప్పాడు. తరవాత ఆ ప్రశ్న అడిగాను. ఇన్నేళ్ళలో ఆయన్ని ఆయన గురించి అడగడం అదే మొదటిసారి, ఆ రోజు మంచమ్మీద పడుకోబెట్టినప్పుడు కూడా అడగలేదు.

ఆయన తలెత్తి పక్కకు చూశాడు, ఎప్పుడూ వాళ్ళంతా తన వైపు చూసినట్టు. అక్కడ దుప్పటి తప్ప ఇంకేమీ లేదు.

ఆయన ఏం చెప్పాడు, రక్తం ఇచ్చాడా లేదా అని మా ఇంటికొచ్చే అమ్మాయిలందరూ అడుగుతారు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్పను.